నా కంటి చుక్కలు, ఆమె కన్ను

"కంట్లో ఇంతకుముందు ఏమైనా మందు వేశారా?" అని ఆ రోజు డాక్టరమ్మ అడిగితే, నేను లేదన్నాను.

ఆమె అడిగింది నన్ను కాదు, నా భార్య రత్నను. రత్న గడ్డాన్ని యంత్రానికి ఆనించి, తెరవలేని కన్నును తెరవడానికి అవస్థ పడుతోంది. ఆమె నోరు విప్పేలోగా పక్కనుంచి నేనే జవాబు చెప్పాను. "ఏం లేదు మేడం, ఉత్త నీళ్ళతో కడిగినాము, అంతే." అప్పుడు నేను ఆమెకు వేసిన మందు సీసా నా చొక్కా జేబులోనే ఉంది. ఆ సంగతి రత్నకు తెలుసు. అయినా ఆమె నా మాటను కాదనలేదు. పెళ్ళయినప్పటినుంచి నలుగురి ముందు ఆమె నన్ను ఎన్నడూ కాదన్నది లేదు. నేను ఆ మంచితనం చాటున దాక్కున్నాను.

ఇప్పుడు గండం గడిచింది. గడిచింది అంటే కన్ను ఉంది, చూపు చాలావరకు పోయింది. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన కంటి చుక్కలు ఫ్రిజ్ తలుపులో ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళకోసం రాస్తున్నాను. నా మనసు కుదుటపడడానికి కూడా రాస్తున్నాను, అది దాచను.

కార్తీకం నుంచి శివరాత్రి దాకా

మొదట జబ్బు పడింది నేను. మాది కర్నూలుకు ఇవతల, ఓర్వకల్లు దాటినాక వచ్చే ఊరు. మేము వేరుశనగ విత్తనాల వ్యాపారం చేస్తాము. రైతుల దగ్గర కాయలు కొని, ఒలిపించి, తొలకరికి విత్తనంగా అమ్ముతాము.

ఆ ఏడు కార్తీకంలో ఒక ఉదయం నా కుడి కన్ను ఎర్రబడింది. దుమ్ము పడిందనుకున్నాను. మా నేలలో దుమ్ము పడని కన్ను లేదు. రెండు రోజులకు వెలుతురు చూడలేకపోయాను. కనుబొమ వెనక ఎవరో బొటనవేలితో లోపలినుంచి నొక్కుతున్నట్టుండేది. అంగడి షట్టరు సగం దించుకొని, తుండుగుడ్డ కప్పుకొని కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్ళు "ఏమప్పా శెట్టీ, అప్పులోళ్ళు వస్తారని దాచిపెట్టుకున్నావా మొగం" అని నవ్వేవాళ్ళు.

కర్నూలులోని కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, కంటి లోపలి పొరకు వాపు వచ్చిందని చెప్పింది. బయటినుంచి క్రిమి ఏదీ రాలేదు, నా ఒంట్లోని రక్షణ బలమే దారి తప్పి నా కంటి మీద పడిందని చెప్పింది. స్టెరాయిడ్ చుక్కలు, మాత్రలు రాసింది. ఆ పేరు వినగానే మా చిన్నాయన ఫోనులో "వద్దురా, ఎముకలు గుల్లయిపోతాయి" అన్నాడు. రత్న ఫోను తీసుకొని, "కన్ను పోయినాక ఎముకలు గట్టిగా ఉండి ఏం జేస్తాయి మామా" అంది.

ఆ నెలలన్నీ నా కన్ను ఆమె చేతిలో ఉండింది. మొదట్లో గంటగంటకూ చుక్క వేయాలి. నేను తల వెనక్కి వాల్చి కూర్చుంటే, ఎడమచేత్తో కింది రెప్ప లాగి, సీసా మొన రెప్పకు తగలకుండా ఒక్క చుక్క వదిలేది. వంట మీద ఉన్నా, విత్తనపు సంచుల దగ్గర ఉన్నా వచ్చేది. వచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కొని వచ్చేది. ఆ చేతుల తడి నా చెంపకు చల్లగా తగిలేది.

దానికి బదులు నేను ఆమెకు ఇచ్చిందేమిటి? మాత్రల వల్ల నా ముఖం ఉబ్బింది, ఆకలి విపరీతమైంది, నిద్ర పోయింది, కోపం వచ్చింది. ఒకరోజు కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేశాను. అన్నం గోడదాకా పోయింది. ఆమె వంగి మెతుకులు ఎత్తుతూ, "మాత్రలు కోప్పడతాండాయి, మీరు గాదు" అంది. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. తర్వాత నేను చేసిన ప్రతి తప్పుకూ మాత్రలను అడ్డం పెట్టుకున్నాను. కొంత నిజమే. కొంత నేనే.

కొంచెం నయమనిపించగానే ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఒక్కసారిగా మానేశాను. వారం తిరక్కుండా జబ్బు రెట్టింపై తిరిగొచ్చింది. డాక్టరమ్మ కోప్పడలేదు. "ఈ మందును మెట్టుమెట్టుగా దిగాలి. మిద్దె మీదనుంచి దూకితే ఎట్లా?" అంది. కంట్లో ఒత్తిడి పెరుగుతుందేమోనని పోయినప్పుడల్లా కొలిచేది. మరోమాట కూడా చెప్పింది. "ఇది నేను చూస్తూ ఉంటేనే వాడాల్సిన మందు. మీరు సొంతంగా వాడొద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు." నేను తలూపాను. బస్సుకు వేళవుతోంది. నా ధ్యాసంతా దాని మీదే ఉంది.

శివరాత్రికి కన్ను తేటపడింది. ఇంటి ముందునుంచి చూస్తే దూరపు గుట్టల మీది బండలు వేటికవి విడివిడిగా కనిపించాయి. ఆ సంతోషంలో నాకు పొగరు పట్టింది. మందుల పేర్లు నోటికొచ్చాయి. ఎవరి కన్ను ఎర్రబడినా "నాకు తెలుసులే" అనేవాణ్ణి. మిగిలిన సీసాను పారేయలేదు. మూత తీసి నెల దాటితే వాడకూడదని దాని మీదే రాసుంది. దాన్ని ఫ్రిజ్ తలుపులో, కరివేపాకు పక్కన పెట్టాను.

విత్తనాల వేళ

ఎండాకాలం చివర మా షెడ్డు నిండా ఆడవాళ్ళుంటారు. నూనెకు పోయే కాయలను యంత్రంలో కొట్టిస్తాము. విత్తనానికి పోయేవాటిని మాత్రం చేత్తోనే ఒలవాలి. యంత్రంలో పడితే గింజ పైపొర చిట్లుతుంది, చిట్లిన గింజ మొలవదు. అందుకని కూలికి వచ్చినవాళ్ళు కాయలను నేలకు కొట్టి, వేళ్ళతో చీల్చి, చేటల్లో చెరుగుతారు. రత్న వాళ్ళ మధ్య కూర్చొని గింజలు ఏరేది. ముడతపడిందీ, బూజు తగిలిందీ, పొర చీలిందీ ఆమె కంటికి ఇట్టే దొరికేది. నేను అమ్మిన విత్తనానికి పేరొచ్చిందంటే అది ఆమె చూపు వల్లే.

ఆ రోజు పక్కన ఎవరో కాయ కొట్టగా పొట్టు ముక్క ఎగిరి రత్న ఎడమ కంట్లో పడింది. ఒలిచేవాళ్ళలో పెద్దది మద్దమ్మ. ఆమె లేచి, చీర చెంగును కొనగా మెలిపెట్టి, "కన్ను తెరువమ్మా, తీస్తా" అంది.

"ఆపు మద్దమ్మా నీ నాటు వైద్యం," అన్నాను. "ఆ చెంగుకు ఎంత దుమ్ముండాదో చూసినావా? నా దగ్గర పెద్ద డాక్టరు మందు ఉండాది."

"ఉంటే ఇంగేమప్పా, తెచ్చి వెయ్యి," అంది మద్దమ్మ. "నీ కన్ను బాగైంది మేము సూడలేదా."

నేను నీళ్ళతో కడిగి, ముక్క పోయిందని చూసి, ఫ్రిజ్‌లోని సీసా తెచ్చి, అందరూ చూస్తుండగా చుక్క వేశాను. ఎడమచేత్తో రెప్ప లాగి, మొన తగలకుండా, ఆమె నాకు వేసినట్టే వేశాను. ఆ ఒడుపు చూసుకొని గర్వపడ్డాను కూడా.

మరునాటికి ఎరుపు తగ్గింది. నొప్పి కూడా తగ్గిందంది రత్న. "చూసినావా" అన్నాను. పూటపూటకూ వేస్తూ పోయాను. నాలుగైదు రోజులకు కన్ను మళ్ళీ నీరు కారడం మొదలుపెట్టింది. నల్లగుడ్డు మీద అన్నం మెతుకంత తెల్లటి మచ్చ లేచింది. అప్పుడు కర్నూలు తీసుకుపోయాను. నేను అబద్ధం చెప్పింది ఆ రోజే.

ఎందుకు చెప్పానా అని ఎన్నోసార్లు తరచి చూసుకున్నాను. ఆ డాక్టరమ్మ నన్ను బాగుచేసింది. నా కన్ను తేటపడినప్పుడు "ఒకసారి తప్పినా తర్వాత చెప్పిన మాట విన్నారు, మంచి పేషెంటు" అంది. ఆ ఒక్క మెప్పు పోతుందని. అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

నేను చెప్పిన దాన్నిబట్టి ఆమె చుక్కలు రాసి, మచ్చ మీదినుంచి కొంచెం గీకి పరీక్షకు పంపి, రెండో రోజుకు రమ్మంది. ఆ చుక్కలు రత్న కంట్లో భగ్గున మండేవి. నావి చల్లగా ఉండేవి. ఆమె బాధ చూడలేక, ఆ మందుతో పాటు నాదీ వేశాను. నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్టే అనుకున్నాను. పిలిచిన రోజుకు పోకుండా, నొప్పి లేదు గదా అని ఇంకో రెండు రోజులు జరిపాను. రైతులు విత్తనాలకోసం వాకిట్లో నిలబడి ఉన్నారు.

ఒక ఉదయం రత్న కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టబోయి గాలిలో వదిలేసింది. గ్లాసు కిందపడింది. ఆమె కుడి కన్ను చేత్తో మూసుకొని నా వైపు తిరిగింది. "మీ మొగం కనిపించల్లేదు," అంది. "పాలు ఒలికినట్టు అంతా తెల్లగుండాది."

ఆసుపత్రి వరండా

డాక్టరమ్మ దీపం పెట్టి రెండుసార్లు చూసింది. తర్వాత, "పరీక్షలో బూజు, అదే ఫంగస్, వచ్చింది. మీ ఫోనుకు చేస్తే ఎత్తలేదు. అయినా ఇన్ని రోజుల్లో ఇంత లోపలికి పోకూడదే," అంది. ఆమె నన్ను అడగలేదు. తనలో తాను అనుకున్నట్టుగా అంది.

రత్న తల వంచుకొని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. మళ్ళీ నన్ను కాపాడబోతోందని అర్థమైంది. నేను జేబులోనుంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది వేసినాను మేడం. మొదటినుంచీ."

ఆమె సీసా తిప్పి చూసింది. కేకలేస్తుందనుకున్నాను. వేసి ఉంటే బాగుండేది. "మీ కంట్లో మీ బలం మీ మీదే తిరగబడింది. దాన్ని అణచడానికి ఈ మందు ఇచ్చాను. ఈమె కంట్లో ఆ బలం బూజుతో పోరాడుతోంది. మీరు దాని చేతులు కట్టేశారు," అంది. సీసాను పక్కకు జరిపి, "నొప్పి తగ్గింది అందుకే," అంది.

ఆ తర్వాత వానాకాలమంతా మాకు ఆ ఆసుపత్రి వరండానే ఇల్లు. గంటగంటకూ బూజు మందు వేయాలి. రాత్రీ పగలూ తేడా లేదు. తెల్లగా, చిక్కగా ఉండే మందు అది. మొదటిరోజు నేను సీసా తీసుకొని దగ్గరికి పోతే రత్న ముఖం వెనక్కి లాక్కుంది. కావాలని చేసింది కాదు. ఒళ్ళు దానంతటదే వెనక్కి పోయింది. వెంటనే సర్దుకొని, "వెయ్యండి" అంది. నేను వేయలేకపోయాను. నర్సును పిలిచాను.

పక్క చాప మీద కోసిగి నుంచి వచ్చిన ఈరన్న అనే అతను ఉండేవాడు. మిరపకాయల కోతకు వలస పోయినచోట అతని తల్లికి కంట్లో పుల్ల గుచ్చుకుంది. అతను చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె సగం చేసి నా చేతిలో పెట్టాడు.

"తినప్పా. నువ్వు తినకుంటే ఆయమ్మను ఎవరు సూస్తారు?"

"నేను సూసినందుకే ఇట్లయింది," అన్నాను. ఎందుకో అతనితో అంతా చెప్పేశాను.

అతను రొట్టె నములుతూ విన్నాడు. "మేమూ మందులంగట్లో అడిగి ఏదో చుక్క ఏసినాము," అన్నాడు. "నాదే తప్పు, అంగడాయప్పదే తప్పు అని ఈడ కూసోని లెక్క ఏస్తాంటే మందు టైము దాటిపాయ. ల్యా పో, చేతులు కడుక్కో."

నేను లేచి చేతులు కడుక్కున్నాను. సబ్బుతో, రత్న కడుక్కున్నట్టు. ఆ సాయంత్రం నుంచి చుక్కలు నేనే వేశాను. ఈసారి ఒడుపు గురించి ఆలోచన రాలేదు. ఎన్నో నెలలు ఆమె నా కంటి మీద వంగినప్పుడు ఎంత భయపడి ఉంటుందో తెలిసింది.

రాయచోటి నుంచి మా అత్త వచ్చింది. కూతురి కట్టు చూడగానే ఏడ్చి, ఆ వెంటనే తిట్టింది. "ఆ షెడ్డులో కూచోవద్దని ఎన్నిసార్లు చెప్పింటి? చెప్తే వినేదానివైతే గదా. కన్ను జాగ్రత్త లేకుండా ఎట్ల కూసుంటివే." రత్న "నా ఖర్మమ్మా" అంది. నేను వాళ్ళ పక్కనే టీ ఫ్లాస్కు పట్టుకొని నిలబడి ఉన్నాను. డాక్టరు ముందు చెప్పిన మాటను అత్త ముందు చెప్పలేకపోయాను. నా అబద్ధం ఒకటే కాదని అప్పుడు తెలిసింది. రోజూ కొత్తగా చెబుతూనే ఉన్నాను, నోరు మూసుకొని.

కార్తీకం మళ్ళీ వచ్చేసరికి

పుండు మానింది. మానినచోట తెల్లని మచ్చ మిగిలింది. ఆ కంటికి వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. కన్ను పూర్తిగా నెమ్మదించాక దాత కన్ను దొరికితే పైపొర మార్చే వీలుందని డాక్టరమ్మ చెప్పింది. "మాట ఇవ్వలేను" అని కూడా చెప్పింది. ఆమె ఏదీ దాచదు. దానికోసం పేరు రాయించాము.

ఒంటికంటితో లోతు అంచనా దొరకదట. రత్న మెట్టు దిగేటప్పుడు కాలితో తడిమి దిగుతుంది. సూదిలో దారం ఎక్కించలేదు. గింజలు ఏరుతుంది గానీ, ఏరిన చేటను ఎవరో మళ్ళీ చూస్తున్నారని తెలిస్తే చేయి ఆగిపోతుంది.

నేను రాయచోటి పోయి మా అత్తకు చెప్పాలని నిశ్చయించుకున్నాను. రత్నకు చెప్పకుండా బస్సెక్కాను. అత్త విస్తరి వేసింది. కూర వడ్డించాక చెప్పాను, మొదటి చుక్క దగ్గరనుంచి, అబద్ధం, ఆ తర్వాతి రోజులు, ఆమె కూతుర్ని తిట్టినప్పుడు నేను నోరు మూసుకొని నిలబడింది, అన్నీ. ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"నా బిడ్డను నేను తిడ్తాంటే నిలబడి విన్నావా నాయనా," అంది. చుక్కల గురించి ఏమీ అనలేదు. తర్వాత లేచి పోయి మజ్జిగ తెచ్చి వడ్డించింది.

ఇంటికొచ్చేసరికి రత్నకు వాళ్ళమ్మ నుంచి ఫోను వచ్చి ఉంది. ఆమె అంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరిని అడిగి చెప్పినారు? మా అమ్మ ఎదుట మీ విలువ పోకూడదని ఇన్ని నాళ్ళు నేను మాటపడితి. ఒక్క పూటలో పారేసి వస్తిరి. మీ మనసు తేలికైంది, నాకేం మిగిలె?"

నిజమే, నేను మళ్ళీ నా కోసమే చేశాను. ఆమెను అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మూడోనాడు కంట్లో చుక్క వేయించుకుంటూ, తల వెనక్కి వాల్చే అంది. "అమ్మకు చెప్పినారు సరే. షెడ్డులో చెప్పినారా? మీరు ఆ మందు వేసింది వాళ్ళు చూసినారు. బాగైందనే అనుకుంటాండారు సగం మంది. వాళ్ళ ఇండ్లల్లో గూడా సీసాలు ఉండాయి."

ఈ ఏడు

ఈ ఎండాకాలం ఒలవడం మొదలైన రోజు కాయలు పోయించకముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. రత్న నా పక్కనే కూర్చుంది. ఇది ఆమెను అడిగి చేసిందే. నేను తడబడిన చోట ఆమె సరిదిద్దింది. "అప్పుడే గాదు, డాక్టరమ్మ మందు రాసినాక గూడా వేసినారు" అని. నలుగురి ముందు ఆమె నన్ను కాదనడం అదే మొదటిసారి.

అంతా విని మద్దమ్మ, "తెచ్చి వెయ్యమని నేనే గదా అంటి," అంది.

"నీకు వద్దని ఎవరూ చెప్పలేదు మద్దమ్మా," అన్నాను. "నాకు ఆ డాక్టరమ్మ వద్దని చెప్పింది."

"అయితే ఇంగ మా కండ్ల జోలికి రావద్దు శెట్టీ. కూలి టైముకు ఇయ్యి, సాలు," అని వెనకనుంచి ఇంకొకామె అంది. అందరూ నవ్వారు. రత్న కూడా నవ్వింది.

దుమ్ము పడకుండా కళ్ళద్దాలు తెప్పించాను. చెమట పడుతుందని సగంమంది నుదుటి మీదికి ఎక్కించుకుంటారు. నేను వరసల మధ్య తిరిగి దించమంటాను. నన్ను వెక్కిరించడం వాళ్ళకో కాలక్షేపమైంది. నేను ఎవరెవరికి ఆ మందు పేరు చెప్పానో గుర్తు చేసుకొని వాళ్ళ ఇళ్ళకూ పోయాను. పక్క ఊరి అంగడాయన ఒకడు దాన్ని తన కంట్లో ఏడాదిగా మానకుండా వేస్తున్నాడు. కన్ను చల్లగా ఉంటుందట. కొట్లాడి, బతిమాలి కర్నూలు తీసుకుపోయాను. కంటి ఒత్తిడి చాలా పెరిగి ఉంది. పక్క చూపు కొంత పోయింది, అది ఇక రాదు. మిగిలినదాన్ని నిలపడానికి మందు ఇచ్చారు. అతను నాతో మాట్లాడడం మానేశాడు. ఆసుపత్రికి మాత్రం పోతున్నాడు.

నిన్న మద్దమ్మ కంట్లో పొట్టు పడింది. అద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. "ఏం కాల్యా, నీళ్ళతో పోతాది, పని నిలిపొద్దు" అంది. లోడు ఎక్కించాల్సిన లారీ వాకిట్లో ఉంది. దాన్ని రత్నకు అప్పగించి, నేను మద్దమ్మను కర్నూలు బస్సెక్కించి, పక్కన కూర్చున్నాను. దారంతా ఆమె నన్ను తిడుతూనే ఉంది. సాయంత్రం దాకా ఆసుపత్రిలో వరసలో కూర్చున్నాము. చిన్న గీత పడింది, వెంటనే వచ్చారు గనుక భయం లేదన్నారు. చుక్కల మందు రాసిచ్చారు. నేను తీసుకొని, సీసా మద్దమ్మ చేతిలో పెట్టి, ఎప్పుడెప్పుడు వేయాలో ఆమె కోడలికి ఫోనులో చెప్పి, తిరిగి చెప్పించుకున్నాను.